శాఖాధ్యక్షుడి కుర్చీ - కొన్ని చారిత్రక పాఠాలు

మా కళాశాలలో తెలుగు శాఖ బాధ్యత నాకు అప్పగించిన రోజున ఒక కవిమిత్రుడు "ఇక నువ్వు రాయవు, సంతకాలు పెడతావు" అన్నాడు. ఆ మాటలో సగం నిజమే అయింది. హాజరు పట్టీలు, స్టాకు రిజిస్టరు, టైంటేబుల్, పరీక్షల డ్యూటీలు - మొదటి ఏడాది వీటితోనే గడిచిపోయింది. అయినా ఆ మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. సాహిత్యంలో ఏది పాఠమవుతుందో, ఏది కాదో ఎవరో ఒకరు నిర్ణయిస్తూనే ఉంటారు. ఆ నిర్ణయం జరిగే చోట మనం ఉండాలా, వద్దా? ఇది వ్యక్తిగత అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు. దీనికి చరిత్ర ఉంది.

మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంటర్మీడియట్ తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండాలన్న వివాదం మనకు తెలిసిందే. 1914 నాటికి 'కన్యాశుల్కం' మలికూర్పు వెలువడి అయిదేళ్లయింది. వాడుకభాష ఎంతటి సాహిత్యాన్ని మోయగలదో రుజువైపోయింది. కాని విశ్వవిద్యాలయ సంఘంలో బలం జయంతి రామయ్య పంతులు గారి పక్షానిది. గురజాడ తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు, ఓడిపోయారు. 1915 నవంబరులో ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత కథ, నాటకం, పత్రిక ఒక్కొక్కటిగా వాడుకభాషలోకి వచ్చాయి. విద్యార్థి మాత్రం దశాబ్దాల పాటు పరీక్ష కాగితం మీద తన నోటికి రాని భాషే రాస్తూ వచ్చాడు. రచనలో గెలిచిన ఉద్యమం కమిటీలో ఓడితే జరిగేది ఇదే. అయితే ఓడిన ఆ పత్రమే తర్వాతి తరాలకు ఆయుధమైందన్న సంగతి కూడా మరవరాదు.

రెండవ ఉదాహరణ కట్టమంచి రామలింగారెడ్డి గారిది. వైస్ ఛాన్సలర్ పదవి శాఖాధ్యక్షత కన్నా చాలా పెద్దదే, కాని సమస్య ఒక్కటే. 'కవిత్వతత్త్వ విచారము' రాసిన విమర్శకుడు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఉప్పు సత్యాగ్రహం సాగిన 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా రాజీనామా చేశారు. తర్వాత రాధాకృష్ణన్ ఆ పదవిలో ఉన్న కాలంలోనే, కమ్యూనిస్టు పార్లమెంటేరియన్‌గా అనంతరం పేరుపొందిన హిరేన్ ముఖర్జీ 1934-35లో అక్కడ అధ్యాపకులుగా పనిచేశారు. ఒక నియామకం ఎలాంటి గాలిని లోపలికి రానిస్తుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. రెడ్డిగారు 1936లో తిరిగి వచ్చి 1949 దాకా ఆ సంస్థను నడిపారు. క్విట్ ఇండియా సంవత్సరమైన 1942లోనే ఆయనకు 'సర్' బిరుదు వచ్చింది. కుర్చీని వదులుకోగలిగిన మనిషినే కుర్చీ కాలక్రమంలో రాజ్యానికి దగ్గర చేయగలదు. ఈ వైరుధ్యాన్ని దాచి ఆయనను కీర్తించటం విమర్శ కాదు. దీన్నే పట్టుకుని ఆయన నిర్మించిన విద్యాసంస్థను తోసిపుచ్చటమూ విమర్శ కాదు.

మూడవ ఉదాహరణ మన ఉద్యమానికి మరింత దగ్గరిది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. ఆ దశాబ్దంలోనే ప్రజా నాట్యమండలి బుర్రకథను వేలమంది ముందు నిలబెట్టింది. నాజర్ గొంతు విన్న రైతుకూలీకి అది సాహిత్యమా, కాదా అన్న సందేహం కలగలేదు. ఆ సందేహం విశ్వవిద్యాలయాలకే ఉండేది. దాన్ని తీర్చటానికి మరికొన్నేళ్లు పట్టింది. ఉస్మానియాలో ఖండవల్లి లక్ష్మీరంజనం గారి పర్యవేక్షణలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాలపై పరిశోధన చేశారు. అది 1958లో 'తెలుగు జానపద గేయ సాహిత్యము'గా వెలువడింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తిపదాల మాండలిక కోశం వచ్చింది. ఆ ఏడే ఆయన ఉస్మానియా భాషాశాస్త్ర శాఖ బాధ్యత చేపట్టారు. నాగలి భాగాల పేర్లకు నిఘంటువులో చోటు దొరికింది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఖండవల్లి వారు అభ్యుదయవాది కారు. అయినా తలుపు తీశారు. శాఖాధ్యక్షుడు సాహిత్యాన్ని సృష్టించడు, ఉద్యమాన్నీ సృష్టించడు. ప్రజల్లో అప్పటికే పుట్టిన దాన్ని లోపలికి రానిస్తాడు, లేదా గుమ్మంలోనే ఆపేస్తాడు. అతని అధికారం అంతవరకే. కాని ఆ 'అంతవరకే' ఒక తరం విద్యార్థులకు చాలా ఎక్కువ.

ఈ చరిత్ర చదివాక నా పనిని నేను వేరుగా చూడటం నేర్చుకున్నాను. రెండో ఏడు వ్యాసరచన అసైన్‌మెంటు మార్చాను. ప్రతి విద్యార్థీ తన ఇంట్లోనో వీధిలోనో ఒక పాట విని, పాడినవారి పేరుతో సహా రాసుకురావాలన్నాను. వెనుక బెంచీలో ఎన్నడూ నోరు విప్పని ఒక అమ్మాయి వాళ్లమ్మ పాడే నాటు పాటలు పద్నాలుగు తెచ్చింది. "ఇవి కూడా మార్కులకు పనికొస్తాయా సార్?" అని అడిగింది. ఆ 'కూడా' అన్న మాట నన్ను చాలాకాలం వెంటాడింది.

ఆ పాటల్లాంటివి పాఠ్యప్రణాళికలో చేర్చాలని పాఠ్యసంఘంలో ప్రతిపాదించాను. బలపరిచినవారు ఒక్కరే. నా అభ్యంతరాన్ని మినిట్స్ పుస్తకంలో రాయించి బయటికి వచ్చాను. 1914ను తలుచుకున్నాను కనుకనే ఆ పని చేశాను. పోలిక పెద్దదని నాకు తెలుసు.

ఒకప్పుడు శాఖాధ్యక్షత పదవీ విరమణ దాకా ఒకరి చేతిలోనే ఉండేది. తర్వాత చాలాచోట్ల వంతులవారీ పద్ధతి వచ్చింది. ఆ వంతు మనదాకా వచ్చినప్పుడు 'రాసుకోవటానికి తీరిక ఉండదు' అని తప్పుకునే యువ రచయితలకు నేను చెప్పేది ఒక్కటే. తీరిక నిజంగానే ఉండదు. నేను రెండేళ్లలో మూడు కథలు పోగొట్టుకున్నాను. కాని ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. మనం కూర్చోకపోతే, ఆ అమ్మాయి చేత 'కూడా' అనిపించినవారే అందులో కూర్చుంటారు.