సొంత విమానానికి బ్యాటరీ.. ఎంపిక, బిగింపు, ఛార్జింగే కీలకం

తిరుపతి: కారు బ్యాటరీ మొరాయిస్తే నలుగురు తోసి నడిపించవచ్చు. గాలిలో ఉన్న విమానానికి ఆ వెసులుబాటు లేదు. విమానాన్ని సొంతంగా తయారు చేసుకునే ఔత్సాహికులు ఇంజిన్‌, రెక్కలపై పెట్టే శ్రద్ధ బ్యాటరీపైనా పెట్టాలి. ముంబయికి చెందిన పైలట్‌ అమోల్‌ యాదవ్‌ తమ భవనం డాబాపై తయారు చేసిన ఆరు సీట్ల విమానానికి 2017లో పౌర విమానయాన డైరెక్టరేట్‌ జనరల్‌ (డీజీసీఏ) రిజిస్ట్రేషన్‌ ఇచ్చింది. ఇలాంటి విమానాలను డీజీసీఏ అనుమతి లేకుండా ఎగురవేయరాదు.

బ్యాటరీల తయారీ తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు కొత్త కాదు. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థకు కరకంబాడితో పాటు చిత్తూరు జిల్లా నూనెగుండ్లపల్లెలోనూ కర్మాగారాలు ఉన్నాయి. మునోత్‌ సంస్థ తిరుపతిలో నెలకొల్పిన లిథియం సెల్‌ కర్మాగారంలో 2022లో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. అయితే కార్లకు, ఇన్వర్టర్లకు పనికొచ్చే బ్యాటరీలన్నీ విమానానికి పనికిరావు. ద్రవరూప ఆమ్లం ఉన్న సాధారణ బ్యాటరీ విమానం వాలినప్పుడు ఒలికిపోయే ప్రమాదం ఉంది. ట్యూబులర్‌ ఇన్వర్టర్‌ బ్యాటరీ బరువే భారం.

ఏది ఎంచుకోవాలి?

చిన్న విమానాల్లో రెండు రకాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మొదటిది ఆమ్లాన్ని గాజునార పొరల్లో నింపి మూసివేసిన లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీ (ఏజీఎం). 16 ఆంపియర్‌ అవర్‌ సామర్థ్యమున్న బ్యాటరీ బరువు సుమారు 7 కిలోలు. రెండోది లిథియం ఐరన్‌ ఫాస్ఫేట్‌. ఇంజిన్‌ను తిప్పడంలో దాదాపు అంతే శక్తినిచ్చే బ్యాటరీ 2 కిలోలకు అటూఇటుగా ఉంటుంది. ధర ఎక్కువ. సెల్‌లను అదుపులో ఉంచే రక్షణ సర్క్యూట్‌ (బీఎంఎస్‌) తప్పనిసరి.

ఇంజిన్‌ స్టార్ట్‌ అయితే చాలనుకోవడం పొరపాటు. ఆల్టర్నేటర్‌ పాడైతే రేడియో, ట్రాన్స్‌పాండర్‌, ఇంధన పంపు వంటి అత్యవసర పరికరాలు కనీసం అరగంట పనిచేయాలి. వాటన్నిటికీ 12 ఆంపియర్లు అవసరమైతే అరగంటకు 6 ఆంపియర్‌ అవర్‌ ఖర్చవుతుంది. బ్యాటరీ వయసు, వేడిని దృష్టిలో ఉంచుకొని 10 ఆంపియర్‌ అవర్‌కు తగ్గకుండా చూసుకోవాలి. కార్బురేటర్‌ ఉన్న రోటాక్స్‌ 912 ఇంజిన్‌లో ఇగ్నిషన్‌కు సొంత విద్యుత్‌ ఏర్పాటు ఉంది. విద్యుత్‌పై ఆధారపడే ఇంజెక్షన్‌, ఇగ్నిషన్‌ ఉన్న ఇంజిన్లలో కరెంటు పోతే ఇంజినే ఆగిపోతుంది. అలాంటి వాటికి రెండో విద్యుత్‌ మార్గం ఉండాలి.

బిగింపులో జాగ్రత్తలు

విమానం నేలను ఢీకొంటే 7 కిలోల బ్యాటరీ 7 కిలోలుగా ఉండదు. గురుత్వ బలానికి 9 రెట్ల కుదుపులో 63 కిలోల భారంతో ముందుకు దూకుతుంది. పెట్టె, పట్టీలు, వాటిని పట్టి ఉంచే విమాన నిర్మాణం అంతటి బలాన్ని తట్టుకోవాలి. ప్రయాణికుల వెనుక అమర్చితే ఇంకా దృఢంగా బిగించాలి. ప్లాస్టిక్‌ పట్టీలను నమ్ముకోరాదు.

బరువు మారితే విమానం తూకమూ మారుతుంది. ఉదాహరణకు 450 కిలోల విమానంలో గరిమనాభికి 2.5 మీటర్ల వెనుక ఉన్న 7 కిలోల బ్యాటరీని తీసి 2 కిలోలది పెడితే గరిమనాభి సుమారు 28 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. బ్యాటరీ రకం మార్చినప్పుడల్లా విమానాన్ని మళ్లీ తూచి, లెక్క కట్టాకే ఎగరాలి.

బ్యాటరీని ఇంజిన్‌ వేడికి దూరంగా ఉంచాలి. వెలువడే వాయువులు క్యాబిన్‌లోకి రాకుండా గొట్టం ద్వారా బయటకు పంపాలి. మెయిన్‌ రిలేను బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. తీసేటప్పుడు ముందుగా నెగెటివ్‌ తీగను, బిగించేటప్పుడు చివరగా దానినే కలపాలి.

2013 జనవరిలో బోస్టన్‌లో నిలిపి ఉంచిన బోయింగ్‌ 787లో లిథియం బ్యాటరీ కాలిపోయింది. కొద్ది రోజులకే జపాన్‌లో మరో 787 బ్యాటరీ పొగతో అత్యవసరంగా దిగింది. ప్రపంచవ్యాప్తంగా ఆ విమానాలను నిలిపివేశారు. బ్యాటరీకి ఉక్కు పెట్టె, పొగను బయటకు పంపే గొట్టం అమర్చిన తర్వాతే మళ్లీ ఎగరనిచ్చారు. వాటిలో వాడినది లిథియం కోబాల్ట్‌ రకం. ఐరన్‌ ఫాస్ఫేట్‌ అంతకంటే నిలకడైనదే అయినా దానికీ నిప్పు ముప్పు లేకపోలేదు.

ఛార్జింగ్‌ ఇలా..

ఏజీఎంకు సాధారణంగా 14.4 వోల్టుల వద్ద ఛార్జింగ్‌ పూర్తిచేసి, తర్వాత 13.6 వోల్టుల దగ్గర ఉంచాలి. ఈ లెక్క 25 డిగ్రీల ఉష్ణోగ్రతకు వర్తిస్తుంది. తిరుపతి వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడు సుమారు 0.3 వోల్టు తగ్గించాలి. లేకుంటే లోపలి తేమ ఆవిరై బ్యాటరీ ఎండిపోతుంది. 25 డిగ్రీలపైన ప్రతి 10 డిగ్రీలకు లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుంది. రేకుల షెడ్డులో విమానాన్ని నిలిపేవారు దీన్ని మరువరాదు.

లిథియానికి ఆ రకానికే చేసిన ఛార్జర్‌ వాడాలి. గడ్డకట్టే చలిలో దానిని ఛార్జ్‌ చేయరాదు. ఖాళీ అయిన లిథియం బ్యాటరీ ఆల్టర్నేటర్‌ నుంచి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆల్టర్నేటర్‌ ఆ భారాన్ని తట్టుకోగలదో లేదో ముందే చూసుకోవాలి. రెగ్యులేటర్‌ పాడై వోల్టేజి 16కు చేరితే తెగిపోయే రక్షణ ఏ రకానికైనా అవసరం.

గుర్తుంచుకోండి

* ఇంజిన్‌ ఆపిన కొన్ని గంటల తర్వాత ఏజీఎం 12.4 వోల్టుల కంటే తక్కువ చూపితే వెంటనే ఛార్జ్‌ చేయాలి.

* ఏడాదికోసారి సామర్థ్యం పరీక్షించాలి. 80 శాతం కంటే తగ్గితే మార్చాలి.

* ఉబ్బిన, పగిలిన, కింద పడిన బ్యాటరీని విమానంలో పెట్టరాదు.

* తయారీదారు సూచనలు ఇక్కడి అంకెలకు భిన్నంగా ఉంటే వాటినే పాటించాలి.