అక్షరం బొమ్మయిన కాలం

చంద్రపూర్‌లో తెలుగు మాటకు ఏనాడూ కరువు లేదు. గనుల కాలనీల్లోను, బల్లార్షా కాగితపు మిల్లు చుట్టుపక్కల పేటల్లోను, ఘుగ్గుస్‌లోను, వార్ధా నది దాటి రాజురా వైపు వెళ్ళినా తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది. చైత్రమాసంలో మహాకాళి జాతరకు సరిహద్దు అవతలి నుంచి వచ్చే భక్తులతో ఊరు ఇంకాస్త తెలుగవుతుంది. కరువల్లా అక్షరానికే. దుకాణం బోర్డు మీద, శుభలేఖ మీద, సంఘం వారి కరపత్రం మీద నాలుగు తెలుగు అక్షరాలు కనబడాలంటే మన వాళ్ళు పడిన తిప్పలు ఒక చిన్న చరిత్ర. ఆ చరిత్రలో కంప్యూటర్ వచ్చిన తర్వాతి భాగం మరీ విచిత్రమైనది. తెలుగు అక్షరం ఇక్కడి అచ్చు దుకాణాలకు అక్షరంగా రాలేదు, బొమ్మగా వచ్చింది.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి చేరి, కొంతకాలం నాందేడ్ కింద ఉండి, 1959లో చాందా జిల్లాలో కలిసింది. ఆ చాందాయే తర్వాత చంద్రపూర్ అయింది. సిరొంచ వైపు తెలుగువారు 1982 ఆగస్టు 26న కొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లావాసులయ్యారు. ఇళ్ళలో మాట మారలేదు గాని బడిలో బాలబోధ లిపి వచ్చింది. తెలుగు మాట్లాడుతూ మరాఠీ చదివే తరాలు తయారయ్యాయి. అచ్చు దుకాణం నడిపేవాడు వ్యాపారి. చదివేవాళ్ళు కొద్దిమందే ఉన్న లిపికి టైపు కొని పెట్టుకోమని అతన్ని అడగడం న్యాయం కాదు.

సీసపు టైపు రోజుల్లో, నాగరి కేసులు మాత్రమే ఉన్న ప్రెస్సులో తెలుగు వేయాలంటే రెండే దారులు. ఒకటి, రైలెక్కి కాగజ్‌నగర్‌కో మంచిర్యాలకో పోయి అక్కడ కంపోజు చేయించుకు రావడం. రెండోది, చెయ్యి తిరిగినవాడి చేత నల్ల సిరాతో రాయించి, దాన్ని జింకు బ్లాకు చేయించి, నాగరి టైపు మధ్య బిగించడం. ఆ బ్లాకులో ఉన్నది అక్షరాలే అయినా ప్రెస్సువాడికి అది దేవుడి బొమ్మతో సమానం. వినాయకుడి బ్లాకు ఎలా బిగిస్తాడో ‘శుభమస్తు’ బ్లాకూ అలాగే బిగిస్తాడు. బోర్డులు రాసే పెయింటరుదీ ఇదే పద్ధతి. తెలుగు రానివాడు మనం కాగితం మీద రాసిచ్చింది చూసి గీస్తాడు. తలకట్టును శిరోరేఖలాగా సాగదీసిన బోర్డులు చూసిన వాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కంప్యూటర్ వస్తే ఈ కష్టం తీరుతుందని ఆశపడటానికి గట్టి కారణమే ఉంది. భారతీయ లిపులకు కంప్యూటర్‌లో చోటు చూపిన జిస్ట్ పరిజ్ఞానం ఐఐటి కాన్పూర్‌లో పుట్టి, 1988లో ఏర్పడిన సీడాక్ సంస్థ చేతుల్లో, మన పుణెలోనే పెరిగింది. 1991లో ఇస్కీ అనే జాతీయ ప్రమాణం ఖాయమయింది. దాని అందం ఏమిటంటే నాగరికీ తెలుగుకీ సంకేతపట్టిక ఒకటే. మరాఠీ ‘క’కు ఏ సంఖ్యో తెలుగు ‘క’కూ అదే సంఖ్య. మరాఠీలో కొట్టిన పేరును, లిపి మార్చమంటే, తెలుగులో చూపగలదు. సరిహద్దు మీద బతికే మనలాంటి వాళ్ళ కోసమే ఎవరో కూర్చుని ఆలోచించినట్టుండే ఈ ఏర్పాటు గనక అచ్చు దుకాణాల దాకా వచ్చి ఉంటే మన కథ ఇంకోలా ఉండేది.

దుకాణాల్లోకి వచ్చింది వేరు. 1985లో ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్ తెచ్చింది. 1989లో కెనడాలోని ఒట్టావా నగరం నుంచి కోరెల్ డ్రా వచ్చింది. పుస్తకానికి పేజ్‌మేకర్, కార్డుకూ పోస్టరుకూ కోరెల్ అన్నట్టుగా మన దేశంలో డీటీపీ దుకాణాలు పని పంచుకున్నాయి. ఈ రెండూ ఇంగ్లీషు కోసం చేసినవి. ఒక ఫాంటులో 256 గదులు, అందులోనూ కొన్ని వాడరానివి. తెలుగుకు గుణింతాలు, వత్తులు, వత్తు కింద వత్తు అన్నీ కలిపితే ఆ గదులు ఎటూ చాలవు. అందుకని ఫాంటు చేసేవాళ్ళు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఇంకో గదిలో, వత్తులు మరికొన్ని గదుల్లో. ‘స్త్రీ’ అని కొడితే లోపల జరిగేది ‘సీ’ అనే ముక్క పెట్టి, కింద త వత్తు తగిలించి, దాని పక్కన ర వత్తు చేర్చడం. కంప్యూటర్ దృష్టిలో అవి ఏవో మూడు ఇంగ్లీషు గుర్తులు. తెలుగు అన్న సంగతి దానికి తెలియదు.

అది చాలక ఏ కంపెనీ గదుల వరస ఆ కంపెనీదే. అను వారిది ఒక పట్టిక, పుణె మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపిది ఒకటి, ఆకృతిది మరొకటి. ఒకరి ఫాంటుతో కొట్టినది ఇంకొకరి ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేలు కలగాపులగంగా కనబడేవి. తెలుగు ఊళ్ళో ఇది చిరాకు మాత్రమే, పక్క దుకాణంలో ఆ ఫాంటు దొరుకుతుంది. చంద్రపూర్‌లో ఇది దారి మూసుకుపోవడమే.

మూసుకుపోయిన ఆ దారికి పక్కన ఇంకో తలుపు దొరికింది. కోరెల్ డ్రా తెరకు ఎడమ పక్కన పనిముట్ల పట్టీ ఒకటి ఉంటుంది. అందులో అక్షరాలు కొట్టే టెక్స్ట్ టూల్ ఒక్కటే, దాని మీట ఎఫ్8. మిగిలినవన్నీ దాదాపు గీసే సామాను. చేతిరాతలాంటి గీతకు ఎఫ్5, చతురస్రానికి ఎఫ్6, వృత్తానికి ఎఫ్7, గీసినదాన్ని లాగి సరిదిద్దడానికి ఎఫ్10. కొట్టిన అక్షరాన్ని గీసిన బొమ్మగా మార్చేసే ఆజ్ఞ కూడా ఒకటుంది. కంట్రోల్ నొక్కి క్యూ కొడితే చాలు, కన్వర్ట్ టు కర్వ్స్. ఆ క్షణం నుంచి అక్షరానికి ఫాంటుతో చుట్టరికం ఉండదు. అంచు వెంట కొన్ని చుక్కలు, చుక్కల మధ్య వంపులు, అంతే మిగులుతాయి. ఏ కంప్యూటర్‌లో తెరిచినా చెక్కు చెదరదు. మన వాళ్ళ వాడుకలో ఇది ‘కర్వ్స్ చేయించుకు రావడం’ అయింది. తెలుగు ఊళ్ళో డీటీపీలో కొట్టించి, అక్కడే కర్వ్స్ చేయించి, ఫ్లాపీలో, ఆ తర్వాత సీడీలో, ఆపైన పెన్‌డ్రైవులో వేసుకుని వస్తే ఇక్కడి మరాఠీ కుర్రాడు దాన్ని కార్డులో కూర్చి, బటర్ పేపర్ తీసి, అచ్చుకు పంపేవాడు. వెనకటి జింకు బ్లాకే ఇప్పుడు జేబులో పట్టేంత చిన్నదయింది.

ఈ కుర్రాళ్ళ పనితనం గురించి ఎవరూ రాయలేదు గనక ఇక్కడ కాస్త ఆగుతాను. ముక్కలుగా అతికిన తెలుగు అక్షరానికి బయటి గీత, అంటే అవుట్‌లైన్, ఇస్తే అతుకులన్నీ బయటపడతాయి. తలకట్టు కిందికి దిగి అక్షరం ఒంట్లోకి పొడుచుకున్నట్టు కనబడుతుంది. ఒక్కోసారి రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డచోట రంగు ఎగిరిపోయి తెల్లటి కన్నం పడుతుంది. దీనికి మందు వెల్డ్ అనే ఆజ్ఞ. ముక్కలను కరిగించి ఒకే ఒంటిగా పోతపోసినట్టు చేస్తుంది. అక్షరాల మధ్య ఎడం పెంచితే వత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు జరిగిపోతుంది. దాన్ని పట్టుకుని మళ్ళీ కిందికి తేవాలి. వరుసల మధ్య ఎడం తగ్గిస్తే పై వరుస వత్తులు కింది వరుస తలకట్లను ఢీకొంటాయి. నాగరితో ఈ బాధలు ఇంతగా లేవు, అక్కడ అక్షరాలు గీతకు వేలాడుతూ బుద్ధిగా ఉంటాయి. తెలుగు చదవడం రాని ఆ కుర్రాళ్ళు ఇవన్నీ కంటితోనే నేర్చుకున్నారు.

అచ్చుతప్పు వచ్చిందా, అసలు వైద్యం అప్పుడే. కర్వ్స్ అయిన మాటలో ‘ష’ బదులు ‘శ’ కావాలంటే కొట్టడానికి లేదు. కార్డులో ఇంకెక్కడైనా ‘శ’ ఉందేమో వెతకాలి. ఉంటే దాని నకలు తీసి, కొలత సరిచేసి, తప్పు అక్షరాన్ని కోసేసి ఆ చోట అతికించాలి. లేకపోతే ఉన్న అక్షరాల నుంచే వంపులు అరువు తెచ్చి గీయాలి. మా ఇంట్లో దాచిన ఒక శుభలేఖలో వరుడి పేరులో ఒక అక్షరం మిగతావాటి కన్నా పిసరంత లావుగా ఉంటుంది. ఏదో మాట నుంచి వచ్చి చేరిన అద్దె అక్షరమది. పెళ్ళి మాత్రం శుభంగానే జరిగింది.

ఈ వంపుల లెక్క వెనక మోటారు కార్లున్నాయంటే కొందరికి ఆశ్చర్యంగా ఉండవచ్చు. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో 1959లో, రెనో కంపెనీలో పియెర్ బెజియే 1960 దశకంలో, కారు రేకు వంపులను లెక్కల్లో పట్టడానికి ఎవరికి వారు కనిపెట్టిన పద్ధతి ఇది. పేరు బెజియేకు దక్కింది. 1984లో అడోబీ వారి పోస్ట్‌స్క్రిప్ట్ ఆ వంపులనే అక్షరాలకు వాడింది. గుండ్రటి తెలుగుకు ఇది బాగానే అతికింది. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది గనక మన అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలు చెబుతారు. తాటాకు వంచిన అక్షరానికి కారు రేకు వంచే లెక్క సరిపోవడం ముచ్చటగా లేదూ!

బొమ్మగా రావడంలో లాభం ఉన్నమాట నిజం. అది లేకపోతే ఆ ఏళ్ళలో ఇక్కడ ఎన్నో శుభలేఖల మీద తెలుగు ఉండేదే కాదు. నష్టం మాత్రం ఆలస్యంగా తెలిసింది. కర్వ్స్ అయిన ఫైలులో మాటలుండవు. సంఘం పాతికేళ్ళ పండుగకు వేసిన సంచికలో మన తాతల పేర్లు, వాళ్ళు ఏ ఊరి నుంచి ఏ గనికి వచ్చారన్న వివరాలు ఉన్నాయనుకోండి. కంటికి కనబడతాయి, కంప్యూటర్‌లో వెతికితే దొరకవు. ఇంకోచోటికి ఎత్తి రాసుకోవడానికి లేదు. అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో కొట్టి అలాగే ఉంచిన ఫైలు అయితే నయం, ఇప్పుడు దాన్ని మార్చే సాధనాలున్నాయి. కర్వ్స్‌ను మాత్రం బొమ్మను చూసి అక్షరాన్ని పోల్చే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలి, లేదా మళ్ళీ కూర్చుని కొట్టాలి. తెలుగు ఊళ్ళో డీటీపీవాడి దగ్గర అసలు ఫైలు ఉండేది, మన చేతికి వచ్చింది బొమ్మ మాత్రమే. ఆయన కంప్యూటర్ మార్చిన రోజున ఆ అసలు కూడా పోయింది.

విరుగుడు అప్పటికే పుట్టి ఉందన్నది ఇందులో బాధాకరమైన సంగతి. 1991 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు సొంత చోటుంది. అందులో ‘స్త్రీ’ అంటే ముక్కలు కావు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మనం పలికే వరసలోనే ఆరు సంకేతాలు. ఎలా చూపాలన్నది ఫాంటు చూసుకుంటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఇంటర్నెట్‌లో తెలుగు రాసేవాళ్ళకు చేతికర్ర అయ్యాయి. కాని అచ్చు దుకాణం సాఫ్ట్‌వేర్లు కదలలేదు. పేజ్‌మేకర్ 2001లో ఏడో కూర్పుతో ఆగిపోయింది, యూనికోడ్ నేర్వకుండానే. కోరెల్‌లో ఎక్స్6, అడోబీ ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వచ్చాక గాని తెలుగు సరిగా కూర్చడం ఆ సాధనాలకు పట్టుబడలేదు. రెండూ వచ్చింది 2012లో. మధ్యలో గడిచినవి 21 ఏళ్ళు. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టనక్కరలేకుండానే దొరికేది, యూనికోడ్ తెలుగునూ చూపేది. మన దుకాణాల్లో దాని పేరు విన్నవాళ్ళు తక్కువ.

బొమ్మ తిరిగి అక్షరం కావడం కూడా జరిగింది. బాపు గారు (1933–2014) చేత్తో గీసిన అక్షరాల తీరు ఫాంటుగా మారి ఎన్నో పత్రికల శీర్షికలకెక్కింది. పురుషోత్ కుమార్ గుత్తుల, మరికొందరు రూపొందించిన మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, గిడుగు వంటి ఫాంట్లను గూగుల్ ఫాంట్స్ నుంచి ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. గిడుగు పేరు పెట్టడం నాకు మరీ నచ్చింది. ఆయన పనిచేసిన పర్లాకిమిడి 1936లో ఒడిశాలోకి వెళ్ళింది. సరిహద్దు అవతల పడిన ఊరి బాధ తెలిసిన పేరు అది.

ఇప్పుడు చంద్రపూర్‌లో శుభలేఖ వేయించేవాళ్ళు విషయాన్ని ఫోనులోనే తెలుగులో కొట్టి వాట్సాప్‌లో పంపుతున్నారు. కావలసిన అక్షరాలు, కావలసిన వరసలో, యూనికోడ్‌లోనే దుకాణానికి చేరుతున్నాయి. దుకాణంలో ఉన్నది పాత కోరెల్ అయితే, అందులో అతికించగానే వత్తులు కిందికి దిగకుండా అక్షరం పక్కన నిలబడతాయి. అప్పుడు దుకాణదారు రెండింటిలో ఒకటి చేస్తాడు. యూనికోడ్‌ను వెనక్కి పాత ఫాంటు ముక్కలుగా మార్చే సాధనంలో వేసి, వచ్చినదాన్ని కంట్రోల్-క్యూ కొడతాడు. లేదంటే ఫోను చేసి, ‘భావూ, అది ఫోటో తీసి పంపండి’ అంటాడు.