గింజలు చల్లు చేయి

ప్రతిదినము మేము చేయు పనికి ఆంగ్లమున 'బ్రాడ్‌కాస్ట్' అని పేరు. ఈ క్రియ రేడియోతో పుట్టినది కాదు, పొలములో పుట్టినది. 'బ్రాడ్' అనగా విశాలము. 'కాస్ట్' అనగా విసరుట. రైతు ఒడిలోని గింజలను గుప్పెడు తీసి, నడచుచు నలుదెసలకు విసరుటను 18వ శతాబ్దమున ఇట్లు చెప్పుచుండిరి. 1701 ప్రాంతమున జెత్రో టల్ సాళ్లలో విత్తు యంత్రమును కల్పించెను. (మన గొర్రు అంతకన్న చాల పాతది.) సాలు విత్తనమునుండి చేతి విత్తనమును వేరుచేసి చెప్పుటకు ఈ మాట అక్కరకు వచ్చెను.

19వ శతాబ్దమున వార్తలను, వదంతులను నలుగురిలో పరపుటకును దీనినే వాడిరి. 1920 తరువాత రేడియో దీనిని సొంతము చేసికొనెను. 1922లో లండనున ఏర్పడిన బి.బి.సి. పేరులో నడిమి అక్షరము ఈ మాటదే. 1932లో వారు చేరిన భవనపు ముంగిటి సాలలో ఎరిక్ గిల్ చెక్కిన విత్తువాని విగ్రహము కలదు. మాట పుట్టుకను వారు మరువలేదు!

భూతకాలమునను ఈ క్రియ రూపము మారదు. 'బ్రాడ్‌కాస్టెడ్' అనువారును కలరు; నిఘంటువులు ఒప్పినను మా చెవి ఒప్పదు.

మన 'ప్రసారము'లో వ్యాప్తి కలదు గాని విసరు చేయి లేదు. 'వెదజల్లు' అను తెలుగు క్రియలో అది ఉన్నది. 'వెద' యనగా విత్తుటయే కదా. గొర్రు పట్టినవానికి గింజ ఏ సాలున పడినదో తెలియును, చల్లినవానికి తెలియదు. మైకు ముందు కూర్చున్న మాకును అంతే. శ్రోతల ఉత్తరముల కట్ట విప్పినపుడే, ఏ గింజ ఏ యూర పడినదో మాకు తెలియును.