తెల్లతల గద్ద తిన్న విషాలు

జత కాళ్లకు అర డాలరు. 1917లో అలాస్కా శాసనసభ తెల్లతల గద్దకు కట్టిన వెల అది. సాల్మన్ చేపల్ని తన్నుకుపోతున్నాయని జాలర్లూ, నక్కపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయని బొచ్చు కోసం నక్కల్ని పెంచేవాళ్లూ మొరపెట్టుకుంటే పుట్టిన పథకం. తర్వాత వెల రెండు డాలర్ల దాకా పెరిగింది. 1953లో రద్దయ్యేలోగా లక్షకు పైగా గద్దలు ఆ లెక్కకింద చచ్చాయి. అమెరికన్లు బాల్డ్ ఈగిల్ అనే ఈ పక్షి 1782 నుంచీ వాళ్ల రాజముద్ర మీద రెక్కలు చాచుకునే ఉంది. దాన్ని చంపకూడదని 1940లో వాషింగ్టన్ చట్టం చేసినప్పుడు కూడా అలాస్కాకు మినహాయింపు దొరికింది.

తుపాకీ కంటికి కనబడే శత్రువు కాబట్టి ఆలస్యంగానైనా చట్టంతో ఆపగలిగారు. ఆ తర్వాత వచ్చిన శత్రువులు ఎక్కువగా తిండిలో కలిసి వచ్చాయి.

మొదటిదాన్ని పసిగట్టినవాడు శాస్త్రవేత్త కాదు. చార్లెస్ బ్రోలీ కెనడాలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అరవై ఏళ్ల వయసులో ఫ్లోరిడా పడమటి తీరాన పైన్ చెట్లకు తాళ్ల నిచ్చెన వేసుకుని ఎక్కి, గూళ్లలోని గద్దపిల్లల కాళ్లకు ఉంగరాలు తొడగడం మొదలుపెట్టాడు. 1939 నుంచి పదేళ్లలో ఇంచుమించు 1,200 పిల్లలకు తొడిగాడు. అక్కడ పుట్టిన గద్దలు ఎండాకాలానికి కెనడా దాకా వెళ్తాయని తెలిసింది ఆ ఉంగరాల వల్లే. 1947 నుంచి గూళ్లు బోసిపోసాగాయి. చాలా గూళ్లలో గుడ్లున్నా పిల్లలు కాలేదు, కొన్నింట్లో గుడ్లే లేవు. 1958లో నూరు మైళ్ల తీరం గాలిస్తే ఆయనకు దొరికింది ఒకే ఒక్క పిల్ల. డీడీటీ అనే పురుగుమందునే ఆయన అనుమానించాడు. మరుసటి ఏడాదే పోయాడు. 1962లో రేచెల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’లో ఆయన లెక్కలను లోకం ముందు పెట్టింది.

అనుమానం రుజువు కావడానికి మరికొన్నేళ్లు పట్టింది. దారి చూపినవి మ్యూజియం అరల్లోని పాత గుడ్లు. గుడ్లు సేకరించడం ఒకప్పుడు ఇంగ్లండులో దొరల సరదా. పక్షిప్రేమికుల దృష్టిలో వాళ్లు గూళ్లు దోచే దొంగలు. ఆ దొంగసొత్తునే డెరెక్ రాట్‌క్లిఫ్ తూకం వేసి, 1940ల చివరి నుంచి డేగల గుడ్ల పెంకులు పలచబడ్డాయని 1967లో తేల్చాడు. మరుసటి ఏడాది అమెరికాలో జోసెఫ్ హికీ, డేనియల్ ఆండర్సన్ అదే సంగతి అక్కడి పక్షుల్లో చూపించారు. పొలాల మీదా మడుగుల మీదా చల్లిన మందు పురుగులోంచి చిన్న చేపలోకి, దాన్నుంచి పెద్ద చేపలోకి పేరుకుంటూ గద్ద కొవ్వులోకి చేరుతుంది. అక్కడ డీడీఈగా మారి, పెంకుకు అందాల్సిన కాల్షియానికి అడ్డం పడుతుంది. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్డు చితికిపోతుంది.

1963 నాటికి అలాస్కా కాక మిగిలిన రాష్ట్రాల్లో గూడు కట్టిన జంటలు 500 కూడా లేవు. 1972లో డీడీటీని నిషేధించారు. న్యూయార్క్ రాష్ట్రం 1976 నుంచి గద్దపిల్లల్ని బయటినుంచి తెచ్చి, ఎత్తయిన మంచెల మీద మనిషి కంటబడకుండా మేపి ఎగరనిచ్చింది. వాటిలో ఎక్కువ భాగం అలాస్కావే. కాళ్లకు వెల కట్టిన చోటి నుంచే విత్తనం వచ్చిందన్నమాట. 2007లో అంతరించిపోయే జాతుల పట్టీ నుంచి పేరు తీసేసేనాటికి జంటలు 9,789. 2021లో సర్కారు ప్రకటించిన అంచనా 3,16,700 పక్షులు. 2024 డిసెంబరులో అధికారికంగా జాతీయ పక్షి కూడా అయింది.

కథ ఇక్కడితో ముగించడం చాలామందికి అలవాటు. కానీ పక్షుల సంఖ్య వేరు, పక్షి ఒంట్లో ఉన్నది వేరు.

1994-95 చలికాలంలో ఆర్కెన్సాలోని డిగ్రే చెరువు దగ్గర 29 గద్దలు చచ్చి పడ్డాయి. బతికున్నవి తాగినట్టు తూలుతూ బండలకు గుద్దుకున్నాయి. కోసి చూస్తే మెదడు నిండా సన్నటి బుడగల్లాంటి ఖాళీలు. పాతికేళ్ల వెతుకులాట తర్వాత, 2021లో, జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ వైల్డ్, జర్మనీలోని టిమో నీడర్‌మేయర్ బృందాలు అసలు విషాన్ని పట్టుకున్నాయి. హైడ్రిల్లా ఆకుల అడుగున పెరిగే ఒక సయనోబ్యాక్టీరియా, నీళ్లలో బ్రోమైడ్ ఉంటే ఆ విషం తయారుచేస్తుంది. ఆ మొక్కను కూట్ అనే నల్ల నీటికోడి మేస్తుంది, తూలుతున్న నీటికోడిని గద్ద సులువుగా పడుతుంది. బడి ప్రయోగశాలలో గరాటు కింద పెట్టి ఆక్సిజన్ బుడగలు చూపిస్తారే, ఆ హైడ్రిల్లాయే. ఆసియా నుంచి అక్వేరియం వ్యాపారంతో ఫ్లోరిడా చేరి చెరువుల్ని ముంచేసింది. దాన్ని చంపడానికి చల్లే మందుల్లో కొన్నింటిలో బ్రోమైడ్ ఉండటం మరో విడ్డూరం.

2022లో వచ్చిన హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ కూడా నీటిపక్షుల ద్వారానే గద్దలకు అంటింది. 2023లో ఆ జబ్బు 21 కాలిఫోర్నియా కాండార్లను పొట్టనబెట్టుకుంది. 1982లో ప్రపంచం మొత్తం మీద 22 మాత్రమే మిగిలిన రాబందు జాతి అది. ఆ గతికి పెద్ద కారణం సీసం. మన వైపు రాబందులనూ తిండిలో కలిసి వచ్చిన విషమే దెబ్బతీసింది. డీడీటీ దెబ్బ తిన్న డేగల కోసం 1970లో పుట్టిన పెరెగ్రిన్ ఫండ్ సంస్థ, తర్వాత పాకిస్తాన్‌లో రాబందులు ఎందుకు చస్తున్నాయో వెతకబోయింది. పశువులకిచ్చే నొప్పి మందు డైక్లోఫెనాకే కారణమని 2004లో తేలింది. దాని పశువైద్య వాడకాన్ని భారత్ 2006లో నిషేధించింది. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట రాబందులకు కాపలా పెట్టాల్సి రావడం వెనక ఉన్నది ఈ మందే.

అన్నిటికంటే మొండిది సీసం. నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను 1991కల్లా అమెరికా అంతటా ఆపేశారు. జింకల వేటలో ఆపలేదు. సీసపు తూటా జింక ఒంట్లో తునాతునకలవుతుంది. వేటగాడు మాంసం తీసుకుని పేగులు అక్కడే వదిలేస్తాడు. చలికాలంలో చేపలు అందని గద్దకు అదే విందు. బియ్యపు గింజంత ముక్క కడుపులోని ఆమ్లంలో కరిగితే చాలు, రెక్కలు వేలాడతాయి, గోళ్లు ముడుచుకుపోతాయి. 38 రాష్ట్రాల్లో 1,210 గద్దల్ని పరిశీలించిన 2022 నాటి అధ్యయనంలో తెల్లతల గద్దల్లో 46 శాతానికి దీర్ఘకాలిక సీసపు విషం ఉంది. సంఖ్య ఎగబాకుతున్న ఏళ్లలోని సంగతే ఇది.

రాగి తూటాలు దుకాణాల్లో దొరుకుతాయి. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసపు తూటాను పూర్తిగా మానిపించింది. కేంద్ర వన్యప్రాణి శరణాలయాల్లో క్రమంగా మానిపించాలని ఒబామా సర్కారు 2017 జనవరి 19న, దిగిపోయే ముందురోజు, ఉత్తర్వు ఇచ్చింది. కొత్త మంత్రి ర్యాన్ జింకీ మార్చి 2న, కుర్చీలో కూర్చున్న మొదటిరోజుల్లోనే, దాన్ని కొట్టేశాడు. మిన్నెసోటాలోని రాప్టర్ సెంటర్‌లో మాత్రం జబ్బుపడి వచ్చిన ప్రతి గద్దకూ ముందుగా చేసే పరీక్షల్లో రక్తంలో సీసం ఎంతుందో చూడటం ఒకటి. జింకల వేట మొదలయ్యే నవంబరులో అలాంటి కేసులు పెరుగుతాయి.