పూలటేపు

"అత్తా! సెల్‌ఫోన్లో ఉండే చిప్పులు, బులెట్‌ప్రూఫ్ చొక్కాల్లో ఉండే నారా అన్నీ గ్రహాంతరవాసుల దగ్గర కొట్టేసినవేనట!" అంది మొన్న మా అన్నయ్య కూతురు, నా పక్కన కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ. డిగ్రీ చదువుతున్న పిల్ల! నవ్వి ఊరుకుందామనుకున్నాను గానీ, ఊరుకోలేకపోయాను.

1947 జూన్‌లో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే ఆయన విమానం నడుపుకుంటూ ఆకాశంలో తొమ్మిది మెరిసే వస్తువుల్ని చూశాట్ట. పత్రికలవాళ్ళు వాటికి 'ఎగిరే సాసర్లు' అని పేరు పెట్టేశారు. ఇక చూసుకోండి, అమెరికా అంతా ఆకాశంకేసి చూడడమే! సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూ మెక్సికోలో బ్రేజెల్ అనే పెద్దపాలేరుకి మేతబీట్లో రబ్బరు ముక్కలు, తగరపు కాగితాలు, సన్నటి పుల్లలు దొరికాయి. అంతా కలిపి అయిదు పౌన్లుంటుందేమో అన్నాడు. వాటికి అతికించిన టేపు మీద పూలు అచ్చేసి ఉన్నాయని కూడా తనే చెప్పాడు.

జూలై 8న రాస్వెల్ సైనిక స్థావరం వాళ్ళు ఎగిరే పళ్ళెం చిక్కిందని ప్రకటించారు. కొన్ని గంటలు గడిచాయో లేదో, పై అధికారి జనరల్ రేమీ "అబ్బే, వాతావరణం బెలూను" అనేశాడు. జనం నమ్మారు. ముప్ఫయ్యేళ్ళు మరిచిపోయారు కూడా.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, సర్కారువారు నిజం దాచారు. రష్యావాళ్ళు అణుబాంబు పేలిస్తే ఆ చప్పుడు ఎక్కడో ఆకాశంలో వినాలని, బెలూన్ల బారుకి మైకులు కట్టి రహస్యంగా ఎగరేసేవాళ్ళు. దాని పేరు మొగల్. రాడారుకి కనపడడానికి కట్టిన తగరపు తెరల్ని ఓ బొమ్మల కంపెనీ చేసిచ్చింది, చేతికందిన పూలటేపుతో అతికించి! 1994లో వైమానిక దళం ఈ సంగతి చెప్పేటప్పటికి పుణ్యకాలం కాస్తా దాటిపోయింది. అప్పటికే పుస్తకాలొచ్చాయి, శవాలు పుట్టుకొచ్చాయి, ఆ పూలు గ్రహాంతర లిపి అయి కూచున్నాయి.

అంతటితో ఆగితే నాకేం బాధ లేదు. 1997లో ఫిలిప్ కోర్సో అనే రిటైరయిన సైనికాధికారి, చిప్పులూ, ఫైబర్ ఆప్టిక్సూ, కెవ్లార్ లాంటి నారా ఆ శిథిలాల చలవేనని రాశాడు. ఫైబర్‌కి దారి వేసినవాళ్ళలో మన పంజాబీ నరీందర్ సింగ్ కపానీ ఉన్నాడు. సరే, కెవ్లార్ కనిపెట్టిందెవరో తెలుసా? స్టెఫనీ క్వోలెక్. చిన్నప్పుడు బొమ్మలకి గౌన్లు కుట్టుకున్న పిల్ల. డాక్టరీ చదవాలని, డబ్బు కోసం 1946లో డ్యూపాంట్ కంపెనీలో చేరి, అక్కడే ఉండిపోయింది. 1965లో ఆవిడ కలిపిన ద్రావణం చిక్కగా, తేటగా ఉండాల్సింది పోయి మజ్జిగలా పల్చగా, తెల్లగా వచ్చింది. ఇంకొకరైతే పారబోసేవారే. దారం తీసే యంత్రం దగ్గరి మనిషి, చిల్లులు పూడుకుపోతాయని చెయ్యనన్నాడు. ఆవిడ వెంటపడి ఒప్పించింది. తీరా తీస్తే, బరువుకి బరువు ఉక్కు కంటే అయిదు రెట్లు గట్టిదా దారం! అంత కష్టం తీసుకెళ్ళి ఎవరో ఆకాశంవాళ్ళకి కట్టబెడితే ఒళ్ళు మండదూ?

పిల్ల అంతా విని, "బావుంది. కానీ ఒకసారి అబద్ధమాడిన సర్కారు, మళ్ళీ ఆడలేదని ఎలా నమ్మడం?" అంది. అలాంటి యంత్రాలేవీ ఉన్నట్టు ఆధారం లేదని 2024 మార్చిలో పెంటగన్ నివేదిక ఇచ్చిందన్నాను.

"ఇచ్చింది వాళ్ళేగా!" అంది, చిక్కుడుకాయల పళ్ళెం నా ఒళ్ళోకి తోసేసి లేస్తూ.