పరిచర్యా భృతి: ఒక నిరాకరణ చరిత్ర

1976వ సంవత్సరమున బ్రిటిష్ ప్రభుత్వము ఒక కొత్త భృతిని అమలునకు తెచ్చెను. మంచాన పడిన ఆప్తునకు పరిచర్య చేయుటకై ఉద్యోగము మానుకొన్నవారికి వారము వారము కొంత సొమ్ము ఇచ్చుట దాని ఉద్దేశము. వారమునకు 35 గంటలకు తగ్గకుండ పరిచర్య చేయవలెను. ఆ పరిచర్య పొందువారు తీవ్రమైన వైకల్యము గలవారని రుజువు కావలెను. దానికి 'ఇన్వాలిడ్ కేర్ అలవెన్సు' అని పేరు పెట్టిరి. అయితే 1975 నాటి సాంఘిక భద్రతా చట్టములో, 37వ సెక్షను నడుమ, ఒక చిన్న ఉపవాక్యము కలదు. భర్తతో కాపురముండు స్త్రీకి ఈ భృతి చెల్లదు. పెండ్లి లేకయే ఒక పురుషునితో కాపురముండు స్త్రీకిని చెల్లదు. భార్యతో కాపురముండు పురుషునకు మాత్రము ఏ అడ్డును లేదు.

ఈ ఉపవాక్యము పొరపాటున దూరినది కాదు. 1974లో ప్రభుత్వము ప్రకటించిన శ్వేతపత్రమే దాని కారణమును తెలిపినది. వివాహిత స్త్రీ ఎటులైనను ఇంటిపట్టుననే ఉండవచ్చును గదా, అట్టి ఆమె కోల్పోయిన జీతమేమున్నదని ఆ పత్రము తాత్పర్యము. మన యిండ్లలో ఈ మాట వినని వారుండరు. "ఇంట్లోనే ఉంటివి గదా, నీకేమి పని?" అని కోడలితో అత్త అనిన మాటయు, లండనులో అచ్చయిన ఆ వాక్యమును ఒక తల్లి బిడ్డలే.

ఇచట మాటలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఇంటివారికి పరిచర్య చేయు వ్యక్తిని 'కేరర్' అని పిలుచుట ఆంగ్లములో సైతము ఇటీవలి వాడుకయే. మనకు అట్టి పదము లేదు. కూతురు, కోడలు, భార్య, తల్లి అను బంధుత్వపు మాటలే ఆ పని చేయుచున్నవి. పుస్తకములలో మనము పరిచర్య యందుము. ఆ పని చేయు ఆడవారు మాత్రము చాకిరి యందురు. హిందీలో 'సేవా' అనినచో పుణ్యము తలపునకు వచ్చును గాని జీతము తలపునకు రాదు. ఈ రెండు భాషల నడుమ తిరుగువారికి తెలిసిన సంగతియే యిది: పరిచర్యకు గౌరవవాచకము దొరికిన చోట కూలి దొరకదు.

ఆ భృతి పుట్టుకకు మూలమైన వ్యక్తి మేరీ వెబ్‌స్టర్. ఆమె క్రైస్తవ మతాచార్యురాలు. తలిదండ్రులను చూచుకొనుటకై 1954లో ఆమె తన పదవిని విడిచెను. 1963లో ఆమె పత్రికలకు లేఖలు వ్రాయగా, తనవలెనే ఇంట చిక్కువడిన అవివాహిత స్త్రీలు ఎందరో బదులు పలికిరి. 1965లో అవివాహిత స్త్రీల కొరకును వారిపై ఆధారపడిన వారి కొరకును ఒక జాతీయ మండలి వెలసెను. 1969లో వెబ్‌స్టర్ కాలధర్మము నొందెను. తాను అడిగిన భృతిని ఆమె కన్నులార చూడలేదు. ఉద్యమము అవివాహితలది యగుటచేత వారి కష్టము చట్టములోనికి ప్రవేశించెను, వివాహితల కష్టము వాకిటనే నిలిచిపోయెను. ఇందులకు ఆ మండలిని నిందింపరాదు. తన ఆకలిని తాను చెప్పుకొన్నవాడు ఎదుటివాని పళ్లెమును లాగుకొన్నవాడు కాడు. 1981లో జూడిత్ ఆలివర్ స్థాపించిన మరియొక సంఘము, పెండ్లి అయినదా కాలేదా అని అడుగక, పరిచర్య చేయువారి నందరను చేర్చుకొనెను.

ఇక వ్యాజ్యము సంగతి. జాక్వెలిన్ డ్రేక్ భర్తతో కాపురముండిన స్త్రీ. ఆమె ఏవో కొన్ని ఉద్యోగములు చేయుచుండెను. 1984లో, తీవ్ర వైకల్యము గల ఆమె తల్లి ఆమె యింటికి వచ్చి చేరగా, ఉద్యోగము మానుకొని తల్లిని చూచుకొనసాగెను. 1985 ఫిబ్రవరిలో భృతికి దరఖాస్తు పెట్టెను. చట్టము ప్రకారము ఆమెకు దక్కదు. అయితే ఐరోపా ఆర్థిక సమాజము 1978 డిసెంబరులో జారీచేసిన ఒక ఆదేశము కలదు. సాంఘిక భద్రతా పథకములలో స్త్రీ పురుష భేదము చూపరాదని దాని సారాంశము. సభ్యదేశములు దానిని అమలు చేయుటకు ఇచ్చిన గడువు 1984 డిసెంబరులో ముగిసెను. గడువు ముగిసిన కొలది వారములకే డ్రేక్ దరఖాస్తు చేరినది. ప్రాంతీయ అప్పీలు ట్రిబ్యునలు ఆమె పక్షముననే తీర్పు చెప్పెను. ఆ మీద అప్పీలునకు పోయినది ఆమె కాదు, అధికారి. సామాన్యముగా అప్పీలు అనగా లేనివాడు ఉన్నవాని గడప యెక్కుట అనుకొందుము. ఇచట గెలిచిన స్త్రీ వెంట ప్రభుత్వమే న్యాయస్థానములకు పరుగెత్తెను.

కమిషనరు ఆ ప్రశ్నను లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానమునకు నివేదించెను. అచట బ్రిటిష్ పక్షము వాదము చూచుటకు సూక్ష్మమైనది. ఆదేశము వర్తించునది రోగము, వైకల్యము, వార్ధక్యము మున్నగు ఆపదలకు. వైకల్యము తల్లిది, భృతి కూతురిది. కాబట్టి ఈ భృతి ఆదేశము పరిధిలోనిది కాదు అని ఆ వాదము. ఈ తర్కము నిలిచినచో ప్రతి ప్రభుత్వమును సొమ్మును రోగి చేతికి గాక పక్కవారి చేతికి ఇచ్చి, సమానత్వము బాధ్యతనుండి తప్పుకొనగలుగును. న్యాయస్థానము దానిని అంగీకరింపలేదు. భృతి ఎవరి చేతికి చేరినను, వైకల్యము గల మనిషి లేనిదే ఆ భృతి లేదు; పరిచర్య చేయువారికి సొమ్ము చేరుటవలన లాభము పొందునది ఆ మనిషియే; కనుక ఆ రెంటికి స్పష్టమైన ఆర్థిక సంబంధము కలదని నిర్ణయించెను. తీర్పు వెలువడినది 1986 జూన్ 24వ తేదీన. దానికి ఒక్క దినము ముందు ప్రభుత్వము తానే వివాహిత స్త్రీలకు భృతి నిచ్చుటకు ఒప్పుకొనుచు ప్రకటన చేసెను. ఓటమిని ఔదార్యముగా మార్చుకొనుటకు ఒక రాత్రి చాలినది. బకాయిలను 1984 డిసెంబరు 22 నుండి లెక్కగట్టుటకు చట్టమును సవరించిరి.

కథ అంతటితో సుఖాంతము కాలేదు. 2003లో దాని పేరు 'కేరర్స్ అలవెన్సు'గా మారెను. పరిచర్య చేయుచునే కొంచెము సంపాదించువారి ఆదాయము నిర్ణీత పరిమితిని కొన్ని పెన్నీలు మించినను ఆ వారపు భృతి మొత్తము పోవును. అట్లు తెలియక తీసికొన్నవారు వేలాది పౌన్లు తిరిగి కట్టవలసివచ్చిన సంగతి 2024లో పెద్ద వివాదమయ్యెను. 2025 ఏప్రిలులో ఆ పరిమితిని వారమునకు 151 పౌన్లనుండి 196 పౌన్లకు పెంచిరి.

మన దేశమున ఈ విషయము చట్టములోనికి ఆలస్యముగా వచ్చెను. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనున్న వికలాంగుల హక్కుల చట్టము, 2016, తన 24వ సెక్షనులో, అధిక సహాయము అవసరమైన వారికి 'సంరక్షక భృతి' కల్పింపవలెనని పేర్కొనెను. అయితే ఆ సెక్షను ఆరంభముననే ప్రభుత్వపు ఆర్థిక స్తోమత పరిమితికి లోబడి అను మాట కలదు. గమనింపదగినది మరొకటి: మన చట్టములో ఆ భృతి వికలాంగునకు చెందును, పరిచర్య చేయువారికి కాదు. కేరళలో మాత్రము 'ఆశ్వాసకిరణము' అను పథకము పరిచర్య చేయువారికే నెలకు 600 రూపాయలు ఏర్పరచినది. ఆ మొత్తము ఎంత స్వల్పమైనను ఆ గుర్తింపు స్వల్పమైనది కాదు.

హిమాచల్ ప్రదేశ్‌లో ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలొకరికి జన్యుసంబంధమైన వ్యాధి గల కుమారుడు కలడు. శస్త్రచికిత్సల నడుమ ఆమె సెలవులన్నియు ఖర్చయిపోయెను. కేంద్రోద్యోగినులకు 2008 నుండి ఉన్న 730 దినముల శిశుసంరక్షణ సెలవును ఆ రాష్ట్రము స్వీకరింపలేదని ఆమె కోరికను నిరాకరించిరి. హైకోర్టులోను ఆమెకు ఊరట లభింపలేదు. 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు, ఉద్యోగములో స్త్రీల పాలు అనుగ్రహము కాదు, రాజ్యాంగము కోరునది అని పలికి, ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన సమితి ఏర్పరచి విషయమును పరిశీలింపుమని ఆజ్ఞాపించెను. డ్రేక్ పేరు గాని, లక్సెంబర్గు గాని ఆ తల్లికి తెలిసియుండవలసిన అవసరము లేదు. ప్రశ్న మాత్రము అదియే.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి, పూర్తిగా మంచమునకే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఏర్పడెను. 2025లో వైద్య బృందములచేత పునఃపరిశీలన జరిగెను. ఆగస్టులో అనర్హులని నోటీసులు వెళ్ళెను. పిమ్మట అప్పీలుకు అవకాశమిచ్చిరి. ఆ అప్పీలు కాగితము రోగి పేరిట నడచును. రోగిని ఎత్తుకొని ఆటోలో కూర్చుండబెట్టి, ఆసుపత్రి వరండాలో క్యూ కట్టి, మరల ఇంటికి తెచ్చి పడుకోబెట్టు చేతులకు ఆ కాగితమున చోటు లేదు.

భిలాయిలో ఉక్కు కర్మాగార నిర్మాణము నాడు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాదుగారి చేతులమీదుగా ప్రారంభమైన నాటి పడుచువారు నేడు ఉన్నచో ఎనుబదులు దాటినవారే. కర్మాగారపు సెక్టారులకు వెలుపల, కోహ్కా వంటి పేటలలో, అట్టి వృద్ధులను చూచుకొను కోడండ్రు, కూతుండ్రు దరఖాస్తులను హిందీలోనే నింపవలెను. అచట 'అభిభావక్' అను మాట కనబడును. నిఘంటువు దానికి సంరక్షకుడు అని అర్థము చెప్పును. 2016 చట్టపు భృతికి తెలుగులో మనము వాడునది ఆ సంరక్షక పదమునే. హిందీ పత్రములోని ఆ గడిలో సాధారణముగా ఇంటి పెద్ద పేరు వ్రాయుదురు. చాకిరి చేయు మనిషి ఆ పత్రమును నింపి, సంతకము కొరకు ఆయన కిచ్చును.