దశబంధమునుండి ఆదాయ ఋణపత్రము వరకు: బెంగుళూరు విమానాశ్రయ నిర్మాణమున ప్రజల పాలు

చెఱువు త్రవ్వించుటను మన పూర్వులు సప్తసంతానములలో నొకటిగా గణించిరి. కాని పుణ్యాపేక్ష యొక్కటియే దేశమున చెఱువులను నిలువబెట్టలేదు. రాయలసీమ శాసనములయందు దశబంధమను నొక యేర్పాటు కానవచ్చును. చెఱువు కట్టించినవానికిని, తెగిన కట్టను బాగుచేయించినవానికిని ఆ చెఱువు నీటితో పండు భూమిలో పదియవ వంతు మాన్యముగా నిచ్చుట దాని స్వరూపము. కన్నడ దేశమున నిట్టిదానినే కట్టుకొడగె యనిరి. రాజు బొక్కసమునుండి ధనము తీయ నక్కరలేదు; పని తన ఫలమునుండియే తన్ను నిర్మించినవాని ఋణము తీర్చును. అయితే ఈ మాన్యము ఊరక యిచ్చినది కాదు. చెఱువును చెడనీయక కాపాడుట దానికి నియమము. హక్కును విధియు నొకే శాసనమున నుండెడివి.

ఆధునిక కాలమున నీ సూత్రమే వేరొక రూపమున ప్రపంచమున వ్యాపించినది. ప్రభుత్వములును పురపాలక సంఘములును ప్రజలయొద్ద అప్పు తీసికొని యిచ్చు ఋణపత్రములు, అనగా బాండ్లు, రెండు విధములు. మొదటి విధమున పన్నుల రాబడి యంతయు అప్పునకు హామీ. రెండవ విధమున, అప్పుతో కట్టిన వంతెనయో, రేవో, విమానాశ్రయమో తెచ్చు రాబడి మాత్రమే హామీ. ఈ రెండవదానికి ఆదాయ ఋణపత్రమని పేరు. 1950ల చివర అమెరికాలోని చికాగో నగరము ఓ'హేర్ విమానాశ్రయమును పెంపొందించునపుడు ఈ మార్గమునే పట్టెను. విమానము దిగినపుడు చెల్లించు రుసుములతో ఆ ఋణము తీరునట్లు విమాన సంస్థలు ఒడంబడిక చేసికొనెను. విమాన మెక్కని పౌరునిపై పన్నుభారము పడకుండుట ఈ పద్ధతిలోని న్యాయము.

బెంగుళూరు చరిత్రలో ఈ న్యాయము ఒక్క అడుగున రాలేదు. 1940 డిసెంబరులో సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ ఇచ్చట హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థను స్థాపించెను. అప్పటి దివాను సర్ మీర్జా ఇస్మాయిల్. మైసూరు సంస్థానము తన బొక్కసమునుండి రూ. 25 లక్షలు వాటాధనముగా పెట్టెను. 1941లో భారత ప్రభుత్వము మఱియొక రూ. 25 లక్షలు చేర్చి, 1942లో వాల్‌చంద్ వాటాను కొని నిర్వహణమును తన చేతికి తీసికొనెను. ఆ కర్మాగారపు విమానక్షేత్రమే తరువాత నగరమునకు ప్రయాణికుల విమానాశ్రయముగా నుపయోగపడెను. ఇందు అప్పు లేదు, హామీ లేదు, బొక్కసమే భాగస్వామి.

రెండవ అడుగు 1997లో పడినది. ఆ యేట బెంగుళూరు మహానగర పాలికె రూ. 125 కోట్ల ఋణపత్రములను వెలువరించెను. భారతదేశమున పురపాలక సంస్థలు ఈ విధముగా విపణినుండి ధనము సేకరించుటకు ఇది తొలి యుదాహరణము. కాని దీనికి రాష్ట్ర ప్రభుత్వము పూచీ నిలిచినది. మరుసటి సంవత్సరము అహమ్మదాబాదు నగరము అట్టి పూచీ లేకయే రూ. 100 కోట్లు సేకరించెను. ఈ రెంటికిని భేదము చిన్నది కాదు. పూచీ యున్నచోట అప్పిచ్చువాడు రాష్ట్రము ముఖము చూచును; పూచీ లేనిచోట నగరపు లెక్కల పుస్తకము చూచును. లెక్కలు శుభ్రముగా నుంచుకొనవలెనను నిర్బంధము ఈ రెండవ పద్ధతియందే బలముగా కలుగును.

మూడవ అడుగు దేవనహళ్ళి. 2001లో విమానాశ్రయ సంస్థ యేర్పడినది. 2004 జూలైలో కేంద్ర ప్రభుత్వముతో ఒడంబడిక జరిగినది. 2005 జూలైలో నిర్మాణ మారంభమై, 2008 మే 24న విమానములు తిరుగసాగెను. ఆరంభమున వాటాలలో నూటికి 74 వంతులు సీమెన్స్, లార్సెన్ అండ్ టూబ్రో, జ్యూరిచ్ విమానాశ్రయ సంస్థలవిగా నుండెను. 13 వంతులు భారత విమానాశ్రయముల ప్రాధికార సంస్థది. 13 వంతులు కర్ణాటక ప్రభుత్వ సంస్థది. వాటా నాలుగింట ఒక వంతు మాత్రమే యైనను ప్రజల పాలు అంతటితో ముగియలేదు. సుమారు 4,000 ఎకరముల భూమి ప్రభుత్వ పక్షమున కౌలుకు లభించినది. రాష్ట్రము వడ్డీ లేని ఋణముగా రూ. 350 కోట్ల సాయమునకు ఒప్పుకొనెను. వడ్డీ నూటికి పది యనుకొన్నచో, ఏటికి రూ. 35 కోట్లు నిశ్శబ్దముగా ఇచ్చిన దానమే యగును. సంస్థ తన స్థూలాదాయమున నూటికి 4 వంతులు కేంద్రమున కీయవలెను. కాని మొదటి పది యేండ్ల సొమ్ము వాయిదా వేయబడి తరువాత కంతులుగా నేర్పడినది.

వీనికంటె విలువైనది మఱియొకటి కలదు. 25 సంవత్సరములు 150 కిలోమీటర్లలోపల వేరొక అంతర్జాతీయ విమానాశ్రయమున కనుమతి నీయరాదని ఒడంబడిక. మైసూరు, హాసనములకు మాత్రము మినహాయింపు. పాత విమానాశ్రయమున ప్రయాణికుల రాకపోకలు నిలిపివేయబడుటయు నిందులోని భాగమే. అప్పిచ్చు బ్యాంకులకు రాబడిపై నమ్మకము కావలెను గదా! చెఱువుపైన మఱియొక కట్ట వేయనీయమని మాట యిచ్చినట్లే యిది. ఆదాయమును తాకట్టు పెట్టుటయనగా ప్రజల ప్రత్యామ్నాయమును గూడ తాకట్టు పెట్టుట యని యిచ్చట తెలియుచున్నది.

ఇక భారము మోయునది ప్రయాణికుడు. 2009 జనవరినుండి స్వదేశమున పయనించు ప్రతివానియొద్ద రూ. 260 వినియోగదారుల అభివృద్ధి రుసుముగా వసూలు చేయుటకు అనుమతి లభించెను. విదేశమునకు పోవువానిపై రూ. 1,070. ఇట్టి రుసుములను నిర్ణయించుటకు 2008 శాసనమును బట్టి ఒక నియంత్రణ సంస్థ 2009లో ఏర్పడినది. దాని ముందు ముఖ్యమైన ప్రశ్న యిది: అంగళ్ళు, భోజనశాలలు, వాహనముల నిలుపుదలవలన వచ్చు రాబడి ఎవరిది? 2016 నాటి జాతీయ విమానయాన విధానము ప్రకారము అందు నూటికి 30 వంతులు ప్రయాణికుల రుసుమును తగ్గించుటకు లెక్కింపబడును. తక్కిన 70 వంతులు సంస్థవి. అంగళ్ళకు జనమును తెచ్చునది ప్రయాణికుడే యని తలచినచో, ఈ పంపకము చర్చింపదగినది.

హైదరాబాదునందును ఇట్టి కథయే. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ఆరంభమైనది. దానిని నిర్మించిన జి.ఎం.ఆర్. సంస్థ తెలుగువారిదే. 2017లో ఆ విమానాశ్రయము పది యేండ్ల గడువుగల 35 కోట్ల డాలర్ల బాండ్లను అంతర్జాతీయ విపణిలో విక్రయించెను. ప్రభుత్వ పూచీ లేక, రాబడిని నమ్మి అప్పు పుట్టుటలో ఆదాయ ఋణపత్రమునకు మిక్కిలి దగ్గరగా వచ్చిన తెలుగునాటి యుదాహరణ మిదియే. బెంగుళూరున 2022 నవంబరులో ఆరంభింపబడిన రెండవ టెర్మినలు సుమారు రూ. 5,000 కోట్ల పని. ఇట్టి పనులకు తెచ్చిన ఋణములు కడకు తీరవలసినది రుసుములతోను అద్దెలతోనే.

ఈ విషయము తెలుగువారి కెందులకు? హిందూపురము, అనంతపురము, మదనపల్లె ప్రాంతములనుండి విదేశములకు పోవువారిలో పెక్కుమంది దేవనహళ్ళి మీదుగా పోవుదురు. వారు కర్ణాటక శాసనసభకు ఓటర్లు కారు. కాని రుసుము చెల్లింతురు. తెలుగువారు పెక్కుమంది గల హోసూరునందు విమానాశ్రయము నిర్మింతుమని 2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వము ప్రకటించినది. ఆ ఆశకు 150 కిలోమీటర్ల నిబంధన అడ్డు నిలిచియున్నది. దాని గడువు 2033 మే నెలతో ముగియును. అప్పుడు జరుగు కొత్త ఒడంబడికలలో ప్రజల పక్షమున మాటాడువా రుండవలెను. రుసుములను నిర్ణయించుటకు ముందు నియంత్రణ సంస్థ తన సంప్రదింపు పత్రములను ప్రకటించి అందఱి యభిప్రాయములను కోరుచున్నది. అవి చదువువారు లేనిచో ఆ హక్కు కాగితమునందే యుండును.

2013 డిసెంబరులో ఈ విమానాశ్రయమునకు కెంపేగౌడ పేరు పెట్టబడినది. ఆయన బెంగుళూరు నగర నిర్మాత, చెఱువులు త్రవ్వించినవాడు. గంగాగౌరీ విలాసమను తెలుగు యక్షగానమును రచించెనని ప్రతీతి. చెఱువులు కట్టించినవాని పేరు వహించిన స్థలమున చెఱువుల నాటి ధర్మమును స్మరించుట యుచితము. దశబంధము ననుభవించువాడు కట్టను కాపాడవలెను. ఆ కట్ట నిలిచియున్నదా యని చూచు హక్కు ఆ నీరు త్రాగు ఊరివారిది.